1.6 తీసేసి 1.8 ఎక్కించాలా? ర్యాలీ ఎమ్‌ఎక్స్-5 ఇంజిన్ మార్పిడి, సలహా కావాలి

#1 ఎర్రమట్టి

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నా దగ్గర 1990 మోడల్ మాజ్దా ఎమ్‌ఎక్స్-5 ఉంది, 1.6 ఇంజిన్‌ది. రోల్ కేజ్, సీట్లు, బెల్టులు, ఇంజిన్ కింద గార్డు అన్నీ వేసి రెండేళ్ళుగా అమెచ్యూర్ ర్యాలీలు తిరుగుతున్నాను. స్టేజీలు, అంటే టైము లెక్కగట్టే రోడ్డు ముక్కలు, సగం తారు, సగం మట్టి.

మొన్నటి ఈవెంట్ అయ్యాక కంప్రెషన్ చూశాను. మొదటి మూడు సిలిండర్లు 12 బార్ దగ్గర ఉన్నాయి, నాలుగోది 9. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 11కి ఎక్కింది. అంటే వాల్వులు కాదు, రింగులు పోయినట్టు. ఇంజిన్ ఎలాగూ దించాలి. దించాక అదే 1.6ని బాగు చేసి ఎక్కించాలా, 1.8 పెట్టేయాలా అన్న దగ్గరే బుర్ర తిరుగుతోంది. తెలిసినాయన దగ్గర 1995 నాటి 1.8 కారు ఒకటి ఉంది. తలుపు వైపు గట్టి దెబ్బ తగిలింది, బాడీ పనికిరాదు, ఇంజిన్ మాత్రం భేషుగ్గా ఉందంటున్నాడు.

నా బాధంతా ఎత్తెక్కే స్టేజీల్లోనే. హెయిర్‌పిన్ మలుపు నుంచి బయటికొచ్చి రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే "ఉండు, వస్తున్నా" అన్నట్టు నసుగుతుంది. ఆ రెండు మూడు సెకన్లు నన్ను రెండేళ్ళుగా నిద్రపోనివ్వడం లేదు.

2.5 లీటర్లవి, వీ8 పెట్టినవి కూడా వీడియోల్లో చూశాను. అంత దూరం వెళ్ళాలా? ఇప్పటికే చేసినవాళ్ళు చెప్పండి.

#2 రెంచిమాస్టారు

మంచి వార్త ముందు చెప్తాను. ఈ రెండు ఇంజిన్లూ దాయాదులే. 1989లో ఈ కారు వచ్చినప్పుడు 1597 సీసీ ఇంజిన్, 1994 మోడల్ నుంచి 1839 సీసీ. 1.8 వచ్చి మీ గేర్‌బాక్స్‌కి నేరుగా బిగిసిపోతుంది. లేత్ పని లేదు, అడాప్టర్ ప్లేటు లేదు. ఇంజిన్ మార్పిడి అనేవాటిలో ఇంతకంటే సులువైంది నేను చూడలేదు.

ఇక రెండోది. ఇంజిన్ ఒక్కటే తెచ్చుకుంటే సగం పనే అయినట్టు. ఆ దెబ్బతిన్న కారు మొత్తంగా దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. ఎందుకో తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు చేతుల నిండా గ్రీజు.

#3 పక్కసీటు

నేను కో-డ్రైవర్‌ని, స్పానర్ పట్టడం రాదు. కాబట్టి స్పానర్ పట్టేవాళ్ళు అడగని ప్రశ్న నేను అడుగుతా. మీరు ఏ క్లాసులో తిరుగుతున్నారు?

చాలా అమెచ్యూర్ ఈవెంట్లలో గీత 1600 దగ్గర ఒకటి, 2000 దగ్గర ఇంకొకటి ఉంటుంది. మీ 1597 సీసీ అంటే కింది క్లాసులో పై అంచున కూర్చున్నారు, మూడు సీసీలు మాత్రమే వదిలిపెట్టి. అంతకంటే మంచి సీటు లేదు. 1839 పెట్టిన క్షణం పై క్లాసుకి పోతారు. అక్కడ పూర్తి 2 లీటర్ల కార్లు ఉంటాయి, వాటి ముందు మీకు 161 సీసీలు తక్కువ. తరగతిలో ఫస్టు వచ్చే పిల్లాడిని పై తరగతిలో వెనక బెంచీలో కూర్చోబెట్టినట్టు.

ఇంకో సంగతి. ఇంజిన్ మార్చినప్పుడు ఏ క్లాసులో ఒప్పుకుంటారు, అదే కంపెనీ ఇంజిన్ అయి ఉండాలా, మార్పులు లాగ్‌బుక్‌లో ఎక్కించాలా, ఇవన్నీ నిర్వాహకుల రూల్ పుస్తకంలో ఉంటాయి. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి వెళ్ళేది మామూలు రోడ్డు మీదే కాబట్టి బండి కాగితాల్లో ఇంజిన్ నంబరు, ఇన్సూరెన్సు కూడా సరిచేయించాలి. స్క్రూటినీ బల్ల దగ్గర ఆ నంబరు కలవక వెనక్కి పంపేస్తే ఆ వారాంతం మొత్తం గోవిందా.

#4 గాలిగుర్రం

ఇవన్నీ ఎందుకు బ్రో, వీ8 పెట్టెయ్. అల్యూమినియం వీ8లు ఎమ్‌ఎక్స్-5లో పట్టేలా కిట్లు దొరుకుతున్నాయి. హెయిర్‌పిన్ నుంచి బయటికి రావడం కాదు, ఎగిరి బయటపడతావు.

#5 పాతకాపు

గాలిగుర్రం గారూ, ఎగిరి ఎటు పడతాం అన్నదే కదా అసలు విషయం.

ట్రయంఫ్ టీఆర్7 కథ గుర్తు చేస్తాను. మొదట దాంట్లో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. ర్యాలీకి బలం చాలక 1978లో 3.5 లీటర్ల రోవర్ వీ8 పెట్టారు. తారు రోడ్డు మీద అదరగొట్టింది, టోనీ పాండ్ అదే ఏడాది బెల్జియంలోని ఈప్ర్ ర్యాలీ గెలిచాడు, 1980లో మళ్ళీ గెలిచాడు. వదులు మట్టి మీదకొస్తే మాత్రం ఆ బలం నేలకి దిగేది కాదు. వెనక చక్రాలు తిరుగుతూనే ఉండేవి, కారు మాత్రం తీరిగ్గా కదిలేది. అది కూడా ఫ్యాక్టరీ టీము, ప్రపంచంలోని మంచి డ్రైవర్లు. మన గ్యారేజీ బతుకులకి అదెంత దూరమో చూసుకోండి.

దీనికి పూర్తి వ్యతిరేకం ఆల్పైన్ ఏ110. ఇంజిన్‌ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయారు. 1.3, తర్వాత 1.6, చివరికి 1.8. కారు బరువు మాత్రం పెరగనివ్వలేదు. 1973లో మొట్టమొదటి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ ఆ 1.8తోనే కొట్టారు. నన్నడిగితే మీ దారి అది.

#6 నాలుగోగేరు

నేనింకో అడుగు ముందుకేస్తా. అసలు ఇంజిన్ పెంచాల్సిన పనే లేదు. 1964 మాంటీకార్లోలో ప్యాడీ హాప్‌కిర్క్ 1071 సీసీ మినీతో 4.7 లీటర్ల ఫోర్డ్ ఫాల్కన్‌ని ఓడించాడు. దీని మీద ఇంకేం చర్చ?

#7 పాతకాపు

ఆ కథ అందరూ సగమే చెప్తారు. ఆ ఏడాది ఇంజిన్ సైజుని బట్టి హ్యాండిక్యాప్ లెక్క ఉంది, చిన్న ఇంజిన్‌కి కలిసొచ్చేది. గడియారంలో చూస్తే స్టేజీల్లో ఫాల్కన్ నడిపిన బో యుంగ్‌ఫెల్ట్‌దే వేగం. హాప్‌కిర్క్ గొప్పతనం ఏమీ తగ్గదు, కానీ దాన్ని పట్టుకుని 'బలం అక్కర్లేదు' అనకండి. ఎత్తెక్కేటప్పుడు బలం కావాలి. ఎంత, ఎక్కడ అన్నదే లెక్క.

#8 నాలుగోగేరు

సరే గురువుగారూ, దొరికిపోయాను.

#9 రెంచిమాస్టారు

చేతులు కడుక్కున్నాను, ఇప్పుడు రాస్తాను. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ఎర్రమట్టి గారూ, మీ కారుకి బలహీనమైన చోటు ఇంజిన్ కాదు, డిఫరెన్షియల్, అదే ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలు రెండిటికీ పంచే డిఫ్. 1.6 కార్లకి వచ్చిన డిఫ్‌లో క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళ చక్రం 6 అంగుళాలది. 1.8తో పాటు దాన్ని 7 అంగుళాలకి పెంచారు. ఊరికే పెంచరు కదా. మట్టి మీద జారుతున్న చక్రం హఠాత్తుగా గట్టి నేల దొరకబుచ్చుకున్నప్పుడు వచ్చే దెబ్బ మొత్తం ఆ పళ్ళ మీదే పడుతుంది. స్టార్ట్ లైను దగ్గర రెవ్ పెంచి క్లచ్ టక్కున వదిలి నేనొకటి విరిచాను. పాపం దాని తప్పేం లేదు, నా కాలిదే. చిన్న డిఫ్ మీద 1.8 పెడితే మీది కూడా అదే దారి.

7 అంగుళాల డిఫ్ పెట్టాలంటే దాని సైడు షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా 1.8వే కావాలి. పాత షాఫ్టు ఫ్లాంజి దీనికి కలవదు. అందుకే మొత్తం కారు తీసుకోమన్నది. బ్రేకులు కూడా అందులోంచే. 1.6కి ముందు డిస్కు 235 మిల్లీమీటర్లు, 1.8కి 254. డిస్కులతో పాటు కాలిపర్ బ్రాకెట్లు కూడా విప్పి తెచ్చుకోండి. క్లచ్ కూడా అంతే, 200 మిల్లీమీటర్ల ప్లేటు బదులు 215ది. 1.8 ఫ్లైవీల్, క్లచ్ మీ బెల్‌హౌసింగ్‌లో హాయిగా పడతాయి.

ఇప్పుడు చాలామంది వేయని లెక్క ఒకటి వేద్దాం. 1.6 టార్క్ సుమారు 135 న్యూటన్ మీటర్లు, 1.8ది సుమారు 149. పది శాతం పెరిగిందని సంబరపడతాం. కానీ 1.6 కారు డిఫ్ నిష్పత్తి 4.3, ఆ 1995 కారుది 4.1. 135ని 4.3తో గుణిస్తే 580. 149ని 4.1తో గుణిస్తే 611. అంటే చక్రం దగ్గరికి వచ్చేసరికి పెరిగింది అయిదు శాతం! ఇంత శ్రమా పడి సగం లాభం డిఫ్‌లో పోగొట్టుకున్నట్టు. మీ ఏడుపు రెండో గేరులో హెయిర్‌పిన్ దగ్గర కదా, అక్కడ ఈ అయిదు శాతం మీకు తెలియను కూడా తెలియదు.

దీనికి మందు 7 అంగుళాల కేసులోనే 4.3 పళ్ళు. తర్వాతి తరం కార్లలో కొన్నిటికి అవి వచ్చాయి. వెతికితే దొరుకుతాయి. అప్పుడు 149 ఇంటూ 4.3, 641. ఇప్పుడు నిజంగా పది శాతం. పై గేరులో చివరి వేగం కాస్త తగ్గుతుంది, ర్యాలీలో అయిదో గేరు ఎన్నిసార్లు చివరిదాకా లాగారో మీరే చెప్పండి.

#10 ఎర్రమట్టి

మాస్టారూ, ఈ గుణకారం ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. దండం.

అయిదో గేరు రెండేళ్ళలో రెండుసార్లు. ఒకసారి పొరపాటున.

పక్కసీటు గారూ, అవును, నాది 1600 క్లాసే. గత ర్యాలీలో ఏడుగురిలో రెండో స్థానం. మీరు చెప్పాక కడుపులో దేవినట్టయింది. కానీ నిజం చెప్పాలంటే నాకు కప్పు కంటే ఆ కొండ మీద నిన్నటి నాకంటే తొందరగా ఎక్కడమే కావాలి. రూల్ పుస్తకం చూశాను. అదే కంపెనీ ఇంజిన్ అయితే ఒప్పుకుంటున్నారు, ఇంజిన్ కొలతను బట్టి క్లాసు.

#11 పక్కసీటు

సరే, అది మీ ఇష్టం, ఒప్పుకున్నాను. ఒక్క పని మాత్రం చేయండి. మీ కారులో కెమెరా ఉంటుంది కదా, ఆ కొండ స్టేజీ వీడియో తీసి స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్న సమయం ఎంతో లెక్కపెట్టండి. ఇంజిన్ సాయం చేయగలిగేది ఆ సమయంలోనే. మిగతాదంతా బ్రేకు, స్టీరింగు, ధైర్యం, నా గొంతు.

#12 ఎర్రమట్టి

కూర్చున్నాను. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ సిగ్గేసింది.

స్టేజీ సమయం 4 నిమిషాల 52 సెకన్లు. పూర్తిగా తొక్కింది 1 నిమిషం 50 సెకన్లు, అంతే. ఇంకో సంగతి కూడా కనపడింది. హెయిర్‌పిన్ల దగ్గర ఇంజిన్ నసిగేది నిజమే, కానీ నాలుగింట రెండు చోట్ల లోపలి వెనక చక్రం గిర్రున తిరుగుతోంది. శబ్దం విని ఇంజిన్ లాగుతోందనుకున్నాను. లాగుతున్నది గాలిని.

నాది మామూలు డిఫ్. ఎల్‌ఎస్‌డీ, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే రకం డిఫ్, లేదు.

#13 సంప్‌గార్డ్

అదీ సంగతి. ముందు ఎల్‌ఎస్‌డీ పెట్టు తమ్ముడూ, తర్వాత ఇంజిన్ మాట. లోపలి చక్రం తిరిగే కారుకి పెద్ద ఇంజిన్ పెడితే లోపలి చక్రం ఇంకా బాగా తిరుగుతుంది, అంతకుమించి ఏం ఒరగదు.

1.8 కార్లలో కొన్నిటికి టోర్సెన్ అనే రకం ఎల్‌ఎస్‌డీ వచ్చింది. దాత కారు, అదే ఆ దెబ్బతిన్న 1.8, వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రం చేత్తో తిప్పి చూడు. రెండోది అదే వైపు తిరిగితే అదృష్టం, ఎదురు తిరిగితే మామూలుదే. టోర్సెన్‌లో ఒక మెలిక ఉంది. అది ఒక చక్రానికి దొరికే పట్టుని కొన్ని రెట్లు చేసి రెండోదానికి ఇస్తుంది. గుంతలో ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. అప్పుడు ఎడం కాలితో బ్రేకు కాస్త తాకితే మళ్ళీ పట్టుకుంటుంది. ఎక్కువ మట్టే అయితే ప్లేట్ల రకం మేలు, కాకపోతే దానికి ఆయిల్ మార్పిళ్ళు, ప్లేట్ల అరుగుదల అని సంసారం ఉంటుంది.

#14 గాలిగుర్రం

వీ8 వద్దన్నారు సరే, 1.6కే టర్బో పెడితే? క్లాసు మారకుండా బలం వస్తుంది కదా.

#15 పక్కసీటు

రాదు. ఎఫ్‌ఐఏ, అంటే ప్రపంచ మోటార్ స్పోర్ట్స్ సంఘం, లెక్కలో టర్బో పెట్రోల్ ఇంజిన్ కొలతని 1.7తో గుణిస్తారు, చాలా ఈవెంట్లు అదే పాటిస్తాయి. 1597 ఇంటూ 1.7 అంటే దాదాపు 2715. ఏకంగా రెండు క్లాసులు పైకి, పెద్ద పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్‌ల మధ్యకి.

#16 వైరుబాబు

ఈసీయూ, అదే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, గురించి ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు, నాకే వదిలేశారన్నమాట.

1.6లో గాలిని కొలిచేది లోపల స్ప్రింగుతో తలుపు ఉండే పాతకాలపు మీటరు. 1.8కి వేడి తీగ రకం వచ్చింది. చాలామంది 1.8 ఇంజిన్ పెట్టి పాత 1.6 మీటరు, ఈసీయూ అలాగే ఉంచేస్తారు. నడుస్తుంది, అబద్ధం చెప్పను. కానీ పై రెవ్‌లలో ఆ తలుపే గొంతు నొక్కుతుంది, ఇంధనం లెక్క కూడా సరిగ్గా కుదరదు. పెద్ద ఊపిరితిత్తులు పెట్టి ముక్కుకి క్లిప్పు పెట్టినట్టు.

మెగాస్క్విర్ట్ లాంటి విడి ఈసీయూ పెట్టుకుంటే మీటరే అక్కర్లేదు. మ్యానిఫోల్డ్ ప్రెజర్ సెన్సర్, గాలి ఉష్ణోగ్రత సెన్సర్ చాలు. మట్టి ర్యాలీలో ఇంకో లాభం, దుమ్ముకి పాడయ్యే సున్నితమైన భాగం ఒకటి తగ్గింది. థ్రాటిల్ సెన్సర్ మాత్రం చూసుకోండి. మీ 1.6 మాన్యువల్‌లో ఉన్నది ఉత్త స్విచ్చి, మూసి ఉందా, పూర్తిగా తెరిచి ఉందా, ఈ రెండే చెప్తుంది. 1.8ది మధ్యలో ఎంత తెరిచిందో కూడా చెప్తుంది. దాని వైర్లు కొత్తగా లాగాలి.

మ్యాపింగ్, అంటే ఈసీయూలో ఇంధనం లెక్కలు ఎక్కించడం, డైనో మీద, అదే బలం కొలిచే యంత్రం మీద చేయించండి. తోటి కారులో ఫైలు తెచ్చి ఎక్కించుకుని పిస్టన్ కరగబెట్టుకున్నవాళ్ళని చూశాను.

#17 పాతకాపు

నాలుగో సిలిండరే ఎందుకు పోయిందో ఎవరైనా ఆలోచించారా? ఈ ఇంజిన్లు మొదట్లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్ల కోసం అడ్డంగా కూర్చునేలా తయారైనవి. ఎమ్‌ఎక్స్-5 కోసం నిలువుగా తిప్పినప్పుడు థర్మోస్టాట్‌ని ముందుకి తెచ్చారు. నీళ్ళు లోపలికి పోయేదీ ముందే, బయటికొచ్చేదీ ముందే. వెనక నుంచి హీటరుకి పోయే సన్న గొట్టమే దిక్కు. అందుకని ఫైర్‌వాల్, అదే ఇంజిన్‌కీ మన సీట్లకీ మధ్య ఉండే గోడ, పక్కనున్న నాలుగోది మిగతా వాటికంటే వేడిగా నడుస్తుంది. రోడ్డు మీద తిరిగే కారుకి ఫర్వాలేదు. ఎండలో నిండా తొక్కి కొండెక్కే కారుకి తేడా వస్తుంది.

1.8 పెట్టేటప్పుడే థర్మోస్టాట్‌ని హెడ్ వెనక్కి మార్చేయండి. ఇంజిన్ బయట ఉన్నప్పుడు గంట పని. లోపల పెట్టాక చేయాలంటే చేతి చర్మం ఫైర్‌వాల్‌కి అప్పగించాలి. హెడ్ వెనక క్యామ్ సెన్సర్ ఓ-రింగ్ కూడా అప్పుడే మార్చండి. గట్టిపడి ఆయిల్ కార్చడం దానికి అలవాటు, కారిందంతా కింది హోసుల మీద పడి వాటిని మెత్తగా చేసేస్తుంది.

#18 ఎర్రమట్టి

(అయిదు వారాల తర్వాత)

దాత కారు మొత్తంగా తీసుకున్నాను. చక్రం తిప్పి చూశాను సంప్‌గార్డ్ అన్నా, రెండోది అదే వైపు తిరిగింది! గ్యారేజీలో ఒక్కడినే గెంతులేశాను. 4.1దే అనుకోండి, 4.3 పళ్ళు వేరేగా వెతికి అదే కేసులో వేయించాను. పళ్ళ మధ్య సందు సరిచేయడం నా వల్ల అయ్యే పని కాదు, తెలిసిన చేతికే ఇచ్చాను.

ఇంజిన్ దించడం ఒక రోజులో అయిపోతుందనుకున్నా, రెండున్నర రోజులు పట్టింది. ఈ కారులో గేర్‌బాక్స్‌కి విడిగా క్రాస్‌మెంబర్ లేదు. గేర్‌బాక్స్ నుంచి డిఫ్ దాకా పొడుగ్గా ఒక అల్యూమినియం దూలం, పీపీఎఫ్ అంటారు, అదే రెండిటినీ పట్టుకుంటుంది. ఈ సంగతి చదివే ఉన్నాను. అయినా చివరి బోల్టు విప్పేటప్పుడు గేర్‌బాక్స్ తోక కింద జాకీ పెట్టడం మర్చిపోయాను. అది ధబ్బుమని అంగుళం కిందికి దిగింది. గుండె రెండంగుళాలు దిగింది. ఏం విరగలేదు.

#19 రెంచిమాస్టారు

మళ్ళీ బిగించేటప్పుడు ఆ తోక ఎత్తు కొలిచి సరిచేసుకోండి. తొందరపడి ఎలా ఉంటే అలా బిగిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం తప్పి, ఒక వేగం దగ్గర సీటు కింద తేనెటీగల పట్టు పెట్టినట్టు గుయ్యిమంటుంది. ఆ శబ్దం కోసం బేరింగులన్నీ మార్చి చివరికి ఆ రెండు బోల్టులే అని తేల్చుకున్నవాళ్ళు ఉన్నారు.

#20 ఎర్రమట్టి

(ఇంకో మూడు వారాలు)

ఇంజిన్ కూర్చుంది. నిన్న రాత్రి మొదటిసారి స్టార్ట్ చేద్దామని తాళం తిప్పాను.

ర్‌ర్... ర్‌ర్... అని నిద్ర లేవని వాడిలా మూలిగింది. బ్యాటరీ కొత్తది. ఇంకోసారి తిప్పాను. ఈసారి కాలి దగ్గర నుంచి కాలిన వాసన. వంగి చూస్తే యాక్సిలరేటర్ కేబుల్ పై తొడుగు మెత్తబడి పొగలు కక్కుతోంది! ఇంధనం కాదు, ఎగ్జాస్ట్ కాదు, యాక్సిలరేటర్ కేబుల్. అరగంట అర్థం కాలేదు. చివరికి వైరుబాబు గారికి ఫొటో పెట్టాను.

#21 వైరుబాబు

ఫొటోలో కనపడింది ఏంటంటే, ఏమీ కనపడకపోవడం. ఇంజిన్ నుంచి బాడీకి ఉండాల్సిన ఎర్త్ పట్టీ లేదు. ఈ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, నెగిటివ్ బాడీకి బిగించి ఉంటుంది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. స్టార్టర్ మోటారు లాగిన కరెంటు తిరిగి వెళ్ళాలంటే ఆ పట్టీ ఒక్కటే రాజమార్గం. అది లేకపోతే కరెంటు ఊరుకోదు, దొరికిన సందుగొందుల్లోంచి వెళ్తుంది. ఈయనకి దొరికింది యాక్సిలరేటర్ కేబుల్ లోపలి తీగ. ఇంకో రెండుసార్లు తిప్పి ఉంటే తీగ తొడుగుకి అతుక్కుపోయి, స్టార్ట్ అయ్యాక యాక్సిలరేటర్ తెరుచుకునే ఉండిపోయేది.

#22 ఎర్రమట్టి

పట్టీ పాత ఇంజిన్‌కే వేలాడుతూ ఉంది, మూలన. తీసి బిగించాను, కేబుల్ కొత్తది వేశాను. అర తిప్పుడుకే పలికింది.

#23 సంప్‌గార్డ్

ఎలా ఉంది చెప్పు మరి. ఊరిస్తావేంటి.

#24 ఎర్రమట్టి

రోడ్డు మీద మాట చెప్తాను. 1.6 రెడ్‌లైన్ దగ్గరికి కేరింతలు కొడుతూ వెళ్ళేది. 1.8కి అంత ఉత్సాహం లేదు, పెద్దమనిషి తరహా. కానీ 3000 దగ్గర తొక్కితే కారు వెంటనే మాట వింటుంది, గేరు దించక్కర్లేదు. మొదటి రోజు కాస్త నిరాశపడ్డాను కూడా. శబ్దంలో సరదా తగ్గింది. కొండ మీద ఎలాగో వచ్చేవారం తెలుస్తుంది.

#25 ఎర్రమట్టి

ర్యాలీ అయిపోయింది. అంకెలు ముందు.

అదే కొండ స్టేజీ, నిరుడు 4:52, ఈసారి 4:41. రెండుసార్లూ పొడి నేల, టైర్లు అదే రకం. మొత్తం మీద 23వ స్థానం నుంచి 15కి వచ్చాను. క్లాసులో పదకొండు మందిలో ఆరో స్థానం. పక్కసీటు గారు చెప్పిన వెనక బెంచీ కాకపోయినా మధ్య బెంచీ. 1600 క్లాసు గెలిచినాయన సమయం చూశాను, నాకంటే తక్కువ! చిన్న ఇంజిన్‌తో. అది కాసేపు గుచ్చుకుంది.

మూడో స్టేజీలో ఎడం వైపు ఇరుకు హెయిర్‌పిన్ ఒకటుంది, బయటికి ఎత్తు. నిరుడు అక్కడే చక్రం తిరుగుతూ నిలబడిపోయాను. ఈసారి బ్రేకు వదిలి సగం తొక్కేసరికి వెనక భాగం కొంచెం బయటికి జరిగి, రెండు చక్రాలూ ఒకేసారి కంకర పట్టుకున్నాయి. అద్దంలో చూస్తే రెండు చాళ్ళు, పక్కపక్కనే. నిరుడు ఒకటే ఉండేది. నేను అద్దంలో చూస్తుంటే పక్కన నోట్స్ చదివే ఆయన "ముందుకి చూడరా నాయనా" అని అరిచాడు.

ఇబ్బంది ఒక్కటే. అయిదో స్టేజీ తర్వాత కార్పెట్ తడిగా తగిలింది. హీటరు హోసు క్లిప్పు ఒకటి నేనే వదులుగా బిగించాను. సర్వీసులో రెండు నిమిషాల పని.

#26 పక్కసీటు

11 సెకన్లలో ఇంజిన్‌దెంత, డిఫ్‌దెంత? వీడియో మళ్ళీ లెక్కపెట్టారా?

#27 ఎర్రమట్టి

పెట్టాను. మీరు అడుగుతారని తెలుసు.

కచ్చితంగా విడదీయలేను, కానీ నాలుగు హెయిర్‌పిన్లలో బ్రేకు వదిలినప్పటి నుంచి తర్వాతి గేరు మార్చేదాకా కలిపితే ఏడు సెకన్లు తగ్గాయి. అందులో పాత వీడియోలో లోపలి చక్రం తిరిగిన రెండు చోట్లే అయిదు. మిగతా నాలుగు సెకన్లు తిన్నగా ఎక్కే చోట్ల వచ్చాయి, అవి ఇంజిన్‌వే అనుకోవాలి. అంటే సంప్‌గార్డ్ అన్న మొదట్లోనే చెప్పిందే నిజం. ముందు డిఫ్ పెట్టి 1.6నే బాగు చేసుకుని ఉంటే 1600 క్లాసులో ఈ పాటికి...

వద్దు, అటు ఆలోచించను.

#28 సంప్‌గార్డ్

నేనేం అనడం లేదు తమ్ముడూ.

#29 రెంచిమాస్టారు

పాత 1.6ని పారేయకండి. 1990ది కాబట్టి క్రాంక్ ముక్కు, అంటే పుల్లీ బిగించే ముందు కొస, చూడండి. పుల్లీ మధ్యలో సందులు నాలుగుంటే పొట్టి ముక్కు రకం, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన పొడుగు ముక్కు. పొట్టిదైతే ఆ ముందు బోల్టు ఏమాత్రం వదులైనా కీవే, అదే పుల్లీని కదలకుండా పట్టే గాడి, అరిగిపోయి టైమింగ్ ఊగుతుంది. 108 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య టార్క్ రెంచ్‌తోనే బిగించాలి, చేతి అంచనాతో కాదు.

#30 ఎర్రమట్టి

నాలుగు సందులు. కీవే మాత్రం బాగుంది, వేలిగోరుకి అంచు తగలడం లేదు. నాలుగో పిస్టన్ బయటికి తీశాను. పై రింగు మూడు ముక్కలు. మూడో ముక్క ఇంకా దొరకలేదు.

పాత 6 అంగుళాల డిఫ్ ఖాళీగా ఉంది, ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను.

#31 గాలిగుర్రం

నాకు కావాలి. వీ8కి పనికొస్తుందా?

#32 రెంచిమాస్టారు

ఇతనికి ఇవ్వకండి.